మన్రోవిల్ కోర్టు బాల్కనీ ఆత్మకథ

నేను బాల్కనీని. అమెరికా దక్షిణ ప్రాంతంలో, అలబామా రాష్ట్రంలో, మన్రోవిల్ అనే చిన్న ఊరి నడిబొడ్డున ఉన్న పాత కోర్టు హాల్లో ఉంటాను. ఈ భవనం పని 1903లో మొదలైంది. ఆ కాలంలో అక్కడ తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ బడి వేరు, రైలుపెట్టె వేరు, చివరికి శ్మశానం కూడా వేరు. కోర్టు హాలు మాత్రం రెండు కట్టడం ఖర్చు కాబట్టి కింది బల్లలు తెల్లవాళ్లకి ఉంచి, నల్లవాళ్లని మెట్లెక్కించి నా మీద కూర్చోబెట్టారు. నా పుట్టుకకి వేరే కారణం లేదు. 1963లో కొత్త కోర్టు వచ్చాక ఇక్కడి వ్యవహారాలు అటు తరలిపోయాయి, ఈ భవనం మ్యూజియం అయింది. ఒక జిల్లా కోర్టు బాల్కనీని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారంటే దానికి కారణం ఒక్క పుస్తకం. ఈ ఊళ్లోనే 1926లో పుట్టిన హార్పర్ లీ 1960లో వెలువరించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. 1962లో సినిమా వచ్చింది. సినిమావాళ్లు ముందుగానే ఇక్కడికొచ్చి హాలంతా కొలతలు తీసుకుని, హాలీవుడ్ స్టూడియోలో దీనికి నకలు కట్టుకున్నారు. నకలులోనూ బాల్కనీ పెట్టారు. పెట్టక తప్పదు. నవల్లో ముగ్గురు తెల్ల పిల్లలు విచారణ చూసేది బాల్కనీలో కూర్చునే.

అమెరికా బళ్లలో ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల పిల్లలకి ఈ నవల దశాబ్దాలుగా పాఠం. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ చాలామంది పిల్లలు ఆ వయసులోనే దీన్ని చదువుతారు. మామూలుగా జరిగే పరిచయం ఒక మూసలో ఉంటుంది. అటికస్ ఫించ్ అనే మంచి లాయరు ఉన్నాడు. చేయని నేరం మీదపడ్డ టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడి తరఫున ఊరందరికీ ఎదురు నిలిచాడు. ఆయన కూతురు స్కౌట్ అది చూసి పెద్దదయింది. మనమూ అటికస్‌లా ఉండాలి. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇలా మొదలుపెడితే పుస్తకంలో సగం చెయ్యిజారిపోతుందని నా వాదన. మొదలుపెట్టాల్సింది జ్యూరీ దగ్గర. లాయరు దగ్గర మొదలుపెట్టిన విద్యార్థి, జాతి వివక్ష అనేది టామ్ మీద నేరం మోపిన బాబ్ యూయెల్ లాంటి చెడ్డవాడి బుద్ధి, దానికి అటికస్ లాంటి మంచివాడు మందు అనుకుని పుస్తకం మూసేస్తాడు. జ్యూరీ దగ్గర మొదలుపెట్టినవాడికి వేరే ప్రశ్న ఎదురవుతుంది: నిజం కళ్లముందు పెట్టినా పన్నెండుమంది మామూలు మనుషులు దాన్ని ఎందుకు కాదన్నారు? ఈ నవల్లో ఎదగడం అంటే ఆ ప్రశ్న దగ్గరికి చేరడమే.

ముందు సాక్ష్యం చూడండి. రచయిత్రి దాన్ని ఎంత పకడ్బందీగా పేర్చిందో బోనుకి ఎదురుగా ఉండే నాకు బాగా కనిపిస్తుంది. మయెల్లా అనే పేద తెల్ల అమ్మాయిని టామ్ కొట్టి బలాత్కరించాడని అభియోగం. ఆమె ముఖానికి కుడివైపు దెబ్బలున్నాయని షెరీఫ్ చెబుతాడు. డాక్టరుని ఎవరూ పిలవలేదు. అటికస్ ఆమె తండ్రి బాబ్ యూయెల్‌కి ఒక కవరు ఇచ్చి పేరు రాయమంటాడు. అతను ఎడమచేత్తో రాస్తాడు. ఆ తర్వాత టామ్ బోనెక్కి ప్రమాణం చేయబోతే, బైబిల్ మీద పెట్టిన ఎడమచెయ్యి నిలవక జారి బల్లకి కొట్టుకుంటుంది. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ మిషన్‌లో పడి నలిగిన చెయ్యి అది, పొట్టిది, చచ్చుబడిపోయినది. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెంప మీద గట్టిగా కొట్టాలంటే ఎడమచెయ్యి ఆడాలి కదా. బుర్రున్న పదమూడేళ్ల పిల్లవాడు ఈ లెక్క కట్టగలడు, నవల్లో స్కౌట్ అన్న జెమ్ కట్టేస్తాడు కూడా, గెలిచేశాం అనుకుంటాడు. ఇక్కడ ఉపాధ్యాయులు గమనించమని చెప్పాల్సిన చిన్న సంగతి ఒకటుంది. ఆ చెయ్యి ఎందుకలా అయిందో పిల్లలకి చెప్పేది లాయరు కాదు, జడ్జీ కాదు. పక్కన కూర్చున్న నల్లజాతి చర్చి పాస్టరు రెవరెండ్ సైక్స్ ముందుకు వంగి గుసగుసగా చెబుతాడు. అంటే, కింద ప్రశ్న మీద ప్రశ్న వేసి తేల్చాల్సి వచ్చిన నిజం బాల్కనీలో అందరికీ ముందే తెలుసు. తెలిసినవాళ్లందరినీ పైన కూర్చోబెట్టి, తెలియనివాళ్ల చేతికి తీర్పు ఇచ్చారు. నన్ను కట్టిన పద్ధతిలోనే ఆ ఏర్పాటు ఉంది.

ఇది కథ కోసం రచయిత్రి అల్లిన అతిశయోక్తి అనుకునేవాళ్లకి చరిత్ర చాలు. 1931లో ఇదే అలబామాలో గూడ్సు రైల్లో ప్రయాణిస్తున్న తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లని ఇద్దరు తెల్ల అమ్మాయిలని బలాత్కరించారంటూ దింపి పట్టుకున్నారు. స్కాట్స్‌బరో కేసు అని లోకమంతా మారుమోగింది అదే. రెండు వారాలు గడిచాయో లేదో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. 1933లో రెండోసారి విచారణ జరిపిన జడ్జి జేమ్స్ హార్టన్ సాక్ష్యం నిలవదని జ్యూరీ తీర్పు కొట్టేశాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడి పదవి పోగొట్టుకున్నాడు. ఆ కేసు 1935లో సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు వాదం నేరం మీద కాకుండా జ్యూరీ జాబితా మీద నడిచింది. నల్లవాళ్లని తాము కావాలని తప్పించలేదని చూపించుకోవడానికి అధికారులు తర్వాత కొన్ని పేర్లు జ్యూరీ రిజిస్టరులో ఇరికించారు. డిఫెన్సు లాయరు లీబోవిట్జ్ ఆ రిజిస్టరునే కోర్టుకి పట్టుకెళ్లి, భూతద్దం ఇచ్చి న్యాయమూర్తులని స్వయంగా చూడమన్నాడు. చూశారు, శిక్ష రద్దు చేశారు. హార్పర్ లీ తన నవల్లో విచారణని పెట్టిన కాలం కూడా ఇంచుమించు అదే. ఆడవాళ్ల సంగతి మరీ చోద్యం. జ్యూరీలో మన ఎదురింటి మిస్ మాడీ లాంటివాళ్లు ఎందుకుండరని నవల్లో పిల్లలు అడిగితే, అలబామాలో ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోకూడదు అని అటికస్ జవాబు చెబుతాడు. నవల అచ్చయ్యేనాటికి కూడా చట్టం అలాగే ఉంది. 1966లో ఫెడరల్ కోర్టు చెప్పాకే మారింది. కాబట్టి ఆ పన్నెండుమంది ఎవరు అన్న ప్రశ్నకి, ఎవరు కారో చెప్పడమే మొదటి పాఠం.

మరి ఎవరు? ఇక్కడే నవల పదునంతా ఉంది. వాళ్లు రాక్షసులు కారు, పల్లెల నుంచి వచ్చిన రైతులు. పట్నంవాళ్లు ఏదో ఒక సాకుతో జ్యూరీ పని తప్పించుకుంటారని, రోజూ ముఖాలు చూసుకునేవాళ్ల మధ్య పేరు చెడగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదని అటికస్ పిల్లలకి వివరిస్తాడు. విచారణకి ముందురాత్రి టామ్‌ని చంపడానికి జైలుకి వచ్చిన గుంపులో కనింగ్‌హామ్ ఉంటాడు. ఆయన కొడుకు స్కౌట్ క్లాసులోనే చదువుతాడు. ఆమె ఆయన్ని గుర్తుపట్టి, వాడెలా ఉన్నాడని అమాయకంగా పలకరించేసరికి ఆయన సిగ్గుపడి గుంపుని వెనక్కి తీసుకుపోతాడు. ఆ కనింగ్‌హామ్‌ల బంధువొకడు జ్యూరీలో ఉండి మొదట టామ్‌ని విడిచిపెట్టాలని పట్టుబట్టాడని తర్వాత తెలుస్తుంది. గంటలు గడిచాక అతనూ మిగతావాళ్లతో కలిసిపోయాడు. మంచితనం ఉంది, అది సరిపోలేదు. క్లాసులో ఏ పరీక్షలోనూ రాని ప్రశ్న ఇది, కానీ నవల మొత్తం దీని చుట్టూ తిరుగుతుంది: ఆ గదిలో ఆ ఒక్కడు మనసు మార్చుకున్న క్షణంలో ఏం జరిగి ఉంటుంది? ఈ ఊళ్లో ప్రతి వసంతంలో స్థానికులు ఈ నవలని నాటకంగా ఆడతారు, విచారణ భాగం నా కిందే. జ్యూరీకి మనుషుల్ని ప్రేక్షకుల్లోంచే పిలుస్తారు. వచ్చి కూర్చుంటారు, సాక్ష్యం వింటారు, లోపలికెళ్లి వస్తారు, దోషి అని చెబుతారు. వేరేలా చెప్పే వీలు నాటకంలో లేదు. నవలని పరిచయం చేయడానికి అంతకంటే సూటి పద్ధతి నాకు తోచదు.

జ్యూరీ అంటే ఆ పన్నెండు కుర్చీలే అనుకుంటే కూడా పొరపాటు. విచారణ అయిపోయాక నవల ఇంకా చాలా పేజీలు నడుస్తుంది, తొందరపడే పాఠకులకి అక్కడ నీరసం వస్తుంది. నాకు అవే గట్టి పేజీలు. స్కౌట్ టీచరు మిస్ గేట్స్ క్లాసులో హిట్లర్ యూదుల్ని హింసించడం ఎంత దారుణమో చెబుతుంది, మన దేశంలో అలాంటి పక్షపాతం ఉండదని గర్వపడుతుంది. విచారణ రోజు కోర్టు మెట్లు దిగుతూ ఇదే టీచరు నల్లవాళ్లకి బుద్ధి చెప్పాల్సిందేనని, లేకపోతే రేపు మనల్ని పెళ్లి చేసుకుంటామంటారని ఎవరితోనో అనడం స్కౌట్ విన్నది. (ఆ భయం చట్టంగా ఉన్న రాష్ట్రం ఇది, జాతుల మధ్య పెళ్లిని నిషేధించే వాక్యం అలబామా రాజ్యాంగంలోంచి పోయింది 2000లో.) స్కౌట్ తమ ఇంట్లో టీ తాగే చర్చి ఆడవాళ్లనీ చూస్తుంది. ఆఫ్రికాలో ఎక్కడో ఉన్న ఒక తెగ కష్టాలకి కన్నీళ్లు పెట్టుకుంటూ, తమ వంటమనిషి విచారణ తర్వాత ముఖం మాడ్చుకుని తిరుగుతోందని అదే నోటితో విసుక్కుంటారు. అదే మధ్యాహ్నం, జైలునుంచి పారిపోబోయాడని టామ్‌ని కాల్చి చంపారన్న కబురు వస్తుంది. స్కౌట్ పెద్దదవడం అంటే ఇది. చెడ్డవాళ్లని గుర్తుపట్టడం ఏ పిల్లకైనా వచ్చు. తనకి పాఠం చెప్పే మనిషీ, తన చేతికి బిస్కట్ పళ్లెం ఇచ్చే మనిషీ ఆ తీర్పులో భాగస్తులని తెలియడం వేరు. ఆ పిల్ల దానికి పూర్తి జవాబు చెప్పలేకపోతుంది, అన్నని అడుగుతుంది, అన్న కోర్టు ఊసెత్తొద్దని కసురుకుంటాడు. ఎనిమిదేళ్ల పిల్ల అక్కడిదాకానే వెళ్లగలదు. రచయిత్రి అక్కడే ఆపడం నిజాయితీ.

ఈ నవలకి ఉన్న అభ్యంతరాల్లో బలమైనది నల్లజాతి పాఠకుల నుంచి వచ్చింది. కథంతా తెల్లవాళ్లది, టామ్ కొట్టించుకోవడానికీ చావడానికీ ఉన్నాడు తప్ప అతనికంటూ లోపలి జీవితం లేదు, తెల్ల రక్షకుడొకడు వచ్చి ఆదుకోవాల్సిందే అన్న భావం పిల్లల్లో నాటుకుంటుంది. ఇది నేను కాదనలేను, నా దగ్గరే రుజువుంది. ముగ్గురు పిల్లలు రెవరెండ్ సైక్స్‌తో పైకి వచ్చినప్పుడు ముందువరసలో ఉన్న నలుగురు నల్లవాళ్లు లేచి తమ చోటు ఇచ్చేస్తారు. వాళ్లకి కేటాయించిన ఏకైక స్థలంలో కూడా మంచి చోటు తెల్లపిల్లలకే పోయింది, ఆ నలుగురి పేర్లయినా నవల చెప్పదు. అటికస్ ఓడి బయటికి నడుస్తుంటే బాల్కనీ అంతా లేచి నిలబడే సన్నివేశాన్ని అందరూ మెచ్చుకుంటారు. అప్పుడే శిక్షపడిన మనిషి తమవాడై ఉండగా ఆ జనం లాయరు కోసం ఎందుకు నిలబడ్డారో, మనసులో ఏమనుకున్నారో నవల అడగదు. కానీ దీనివల్ల నవల పనికిరాదని కాదు, దాని హద్దు ఎక్కడుందో విద్యార్థికి చూపించి చదివించాలని. లాయరు దగ్గర మొదలుపెట్టే పద్ధతే ఈ అభ్యంతరాన్ని పెంచి పోషిస్తుంది. జ్యూరీ దగ్గర మొదలుపెడితే రక్షకుడు రక్షించలేకపోయాడన్న సంగతి మొదటినుంచీ ఎదురుగా ఉంటుంది. ఫించ్‌ల ఇంట్లో వంట చేసే నల్లజాతి మనిషి కల్పర్నియా పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్లినప్పుడు, తెల్లపిల్లల్ని ఇక్కడికెందుకు తెచ్చావని లూలా అనే ఆమె నిలదీస్తుంది. నవల ఆమెని కాస్త గయ్యాళిగానే చూపించి పక్కకి నెట్టేస్తుంది. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే, క్లాసులో ఒక రోజంతా దానికివ్వొచ్చు. 2018లో బ్రాడ్‌వే కోసం ఆరన్ సార్కిన్ రాసిన నాటకంలో కల్పర్నియాకీ టామ్‌కీ ఎక్కువ మాటలు పెట్టాల్సి వచ్చిందంటే లోటు ఎక్కడుందో నాటకరంగానికీ తెలుసన్నమాట. పక్కనే మిల్డ్రెడ్ టేలర్ 1976 నవల ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ పెట్టండి. అదీ అమెరికా దక్షిణాన, అదే 1930ల కాలంలో, ఒక చిన్న అమ్మాయి చెప్పే కథే. కాకపోతే చెప్పేది నల్లజాతి పిల్ల.

రెండో అభ్యంతరం భాష గురించి. నల్లవాళ్లని హీనంగా పిలిచే మాట నవల్లో పదేపదే వస్తుంది. క్లాసులో ఒకరిద్దరే నల్లజాతి పిల్లలున్నప్పుడు, టీచరు ఆ మాట గట్టిగా చదివితే తలలన్నీ వాళ్లవైపే తిరుగుతాయి. మిసిసిపీలోని బిలాక్సీలో 2017లో ఎనిమిదో తరగతి పాఠ్యాల్లోంచి దీన్ని తీసేశారు, వాషింగ్టన్ రాష్ట్రంలోని మకిల్టియోలో 2022లో తప్పనిసరి జాబితా నుంచి తప్పించారు. ఈ రెండింటినీ 1966లో వర్జీనియాలో హానోవర్ కౌంటీ స్కూలు బోర్డు అనైతికమని వేసిన నిషేధంతో ఒకే గాటన కట్టడం అన్యాయం. అప్పటివాళ్లకి బాధ తెల్లవాళ్ల పరువు గురించి, ఇప్పటివాళ్లలో చాలామందికి క్లాసులో కూర్చున్న పిల్లవాడి గురించి. మాట పైకి చదవకుండా కథ నడపడం ఏ టీచరుకైనా చేతనయ్యే పని. ఈ ఒక్క పుస్తకంతోనే జాతి గురించి చదువు పూర్తయిందని సరిపెట్టుకోకపోవడం అంతకంటే ముఖ్యం. ఈ విషయంలో అమెరికాలోని భారతీయ కుటుంబాలు గట్టున కూర్చుని చూసేవాళ్లు కారు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీని తెల్లవాడు కాదని తేల్చి, పౌరసత్వానికి అనర్హుడంది. ఆ కాలంలో తెలుగువాడొకడు ఈ కోర్టుకి వచ్చుంటే ఎటువైపు మెట్లు చూపించేవాళ్లో పిల్లలే చెప్పగలరు.

మూడోది అటికస్ మీదే. 2015లో వెలువడిన, నిజానికి ముందుగా రాసిన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’లో ముసలి అటికస్ జాతుల్ని విడిగా ఉంచాలనేవాళ్ల పక్షాన కనిపించేసరికి అభిమానులు గుండెలు బాదుకున్నారు. నాకు ఆశ్చర్యం లేదు. మొదటి పుస్తకంలోనే ఆయన నల్లవాళ్ల మీద దాడులు చేసే క్లూ క్లక్స్ క్లాన్ అనేది ఎప్పుడో వచ్చిపోయిన రాజకీయ గుంపు అన్నట్టు తేలిగ్గా కొట్టిపారేస్తాడు. రచయిత్రి తండ్రి ఎ.సి.లీ లాయరు, 1919లో ఒక హత్యకేసులో ఇద్దరు నల్లజాతి మనుషుల తరఫున వాదించి ఓడిపోయాడు, ఇద్దరినీ ఉరితీశారు. 1934లో ఈ హాల్లోనే వాల్టర్ లెట్ అనే నల్లజాతి కార్మికుడికి తెల్ల స్త్రీని బలాత్కరించాడన్న నేరం మీద మరణశిక్ష వేశారు. తర్వాత ఈ ఊరి తెల్లవాళ్లే కొందరు సందేహం వెలిబుచ్చుతూ గవర్నరుకి రాశారు; శిక్ష యావజ్జీవంగా మారింది. అప్పటికే అతని మనసు చెదిరిపోయింది, 1937లో చనిపోయాడు. ఉత్తరాలు రాసిన మర్యాదస్తులే జ్యూరీ గదిలో ఉంటే ఏం చేసేవాళ్లన్నది అటికస్ విగ్రహం నిలబెట్టడంకంటే పిల్లలకి పనికొచ్చే చర్చ.

అదంతా పాతకాలం అనేవాళ్లకి ఊరు దాటి వెళ్లనక్కర్లేదు. 1986లో మన్రోవిల్‌లో ఒక తెల్ల యువతి హత్య జరిగింది. వాల్టర్ మెక్‌మిలియన్ అనే ఇక్కడి నల్లజాతి మనిషిని పట్టుకుని, విచారణకి ముందే మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. ఆ సమయానికి అతను ఇంటి దగ్గరే ఉన్నాడని నల్లజాతి సాక్షులు చెబితే లెక్కచేయలేదు. 1988లో జ్యూరీ యావజ్జీవం అంటే జడ్జి దాన్ని మరణశిక్ష చేశాడు. లాయరు బ్రయాన్ స్టీవెన్‌సన్ పోరాడాక 1993లో నిర్దోషిగా బయటికి వచ్చాడు. ఆ కాలమంతా ఈ ఊరు నవలని చూసుకుని మురిసిపోతూనే ఉంది. స్టీవెన్‌సన్ 2014 పుస్తకం ‘జస్ట్ మెర్సీ’లో ఆ వైనమంతా ఉంది.

ఇక మిగిలింది వయసు. పదమూడేళ్ల పిల్లలకి ఇంత చేదు అవసరమా, లాయరు మంచితనం చాలదా అని తల్లిదండ్రులు అడుగుతారు. స్కాట్స్‌బరో తొమ్మిదిమందిలో అందరికంటే చిన్నవాళ్లలో ఒకడు రాయ్ రైట్. వాడి వయసు పన్నెండో పదమూడో. మరీ పసివాడని ప్రాసిక్యూషనే మరణశిక్ష వద్దు, యావజ్జీవం చాలంది. జ్యూరీలో ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఉరి కావాలన్నారు. ఏకాభిప్రాయం కుదరక ఆ విచారణ అక్కడితో ఆగిపోయింది, కుర్రాణ్ణి మాత్రం మరో విచారణ లేకుండానే ఏళ్ల తరబడి జైల్లో ఉంచారు.